హారంలో ఎవరున్నారు? డెల్టా–నార్త్‌వెస్ట్ విలీనం, క్యాబిన్ సిబ్బంది యూనియన్ ఎన్నిక (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బోర్డు మీద ఒక భిన్నం రాశాను, చూడండి. పైన 5,306. కింద 13,380. పైది లవం, కిందిది హారం. చిన్న తరగతుల్లో అందరం చదువుకున్నవే. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ అటెండెంట్ల మధ్య 2008 మే నెలలో ముగిసిన యూనియన్ ఎన్నిక లెక్క ఇది. ఓటు హక్కు ఉన్నవాళ్ళు 13,380 మంది. వేసినవాళ్ళు 5,306 మంది. వేసినవాళ్ళలో దాదాపు అందరూ యూనియన్ కావాలనే వేశారు. అయినా యూనియన్ ఓడిపోయింది.

ఎలా ఓడిందో తెలియాలంటే ముందు చట్టం దగ్గరికి వెళ్ళాలి. అమెరికాలో విమాన ఉద్యోగులకు వర్తించేది 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్. పేరులో రైల్వే అని ఉన్నా 1936లో విమాన సంస్థలను కూడా దాని కిందికి తెచ్చారు. ఫ్యాక్టరీలకూ దుకాణాలకూ 1935 చట్టం వేరే ఉంది. ఆ చట్టం కింద ఒక్క దుకాణంలో పనిచేసే ఇరవై మంది తమ వరకు యూనియన్ పెట్టుకోవచ్చు. విమానాల్లో ఆ వీలు లేదు. ఒక కంపెనీలో ఒకే రకం పని చేసే వాళ్ళంతా, దేశంలో ఎక్కడ ఉన్నా, ఒకే వర్గం కింద లెక్క. పైలట్లు ఒక వర్గం, మెకానిక్‌లు ఒక వర్గం, ఫ్లైట్ అటెండెంట్లు ఒక వర్గం. మినియాపొలిస్ బేస్ (సిబ్బంది డ్యూటీ మొదలుపెట్టే విమానాశ్రయం) వాళ్ళు మాత్రం యూనియన్ పెట్టుకుంటాం, అట్లాంటా వాళ్ళ ఇష్టం వాళ్ళది అంటే కుదరదు. పెడితే అందరికీ, లేకపోతే ఎవరికీ లేదు.

దీంతో ఆచరణలో వచ్చే చిక్కు చూడండి. మిల్లు కార్మికులైతే షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి కరపత్రాలు పంచవచ్చు. క్యాబిన్ సిబ్బందికి గేటే లేదు. ఈ వారం కలిసి ఎగిరిన నలుగురు మళ్ళీ ఏడాదికి కూడా ఒకే విమానంలో కలవకపోవచ్చు. మాట్లాడుకునే చోట్లు మూడే: విమానాశ్రయంలో సిబ్బంది గది, హోటల్‌కు తీసుకెళ్ళే వ్యాను, ప్రయాణికులు నిద్రపోయాక విమానంలోని గ్యాలీ, అంటే చిన్న వంటగది. సిబ్బంది గదిలో నోటీసు బోర్డు కంపెనీది. ఈమెయిల్ కంపెనీది. పైగా 1935 చట్టం కింద ఎన్నిక ఖాయమయ్యాక ఓటర్ల చిరునామాలు యూనియన్‌కు ఇస్తారు. రైల్వే చట్టం కింద యూనియన్‌కు పేర్ల జాబితా దక్కుతుంది, చిరునామాలు దక్కవు. అవి ఎన్నిక జరిపే ప్రభుత్వ సంస్థ నేషనల్ మీడియేషన్ బోర్డు (ఇకపై బోర్డు అంటే ఇదే) దగ్గరే ఉండిపోతాయి. పదమూడు వేల పేర్లు చేతిలో ఉంటాయి, ఒక్క ఇంటి తలుపు కూడా తెలియదు.

ఇక ఓటు. చట్టంలో ఒక వాక్యం ఉంది: ఏ వర్గంలోనైనా 'మెజారిటీ'కి తమ ప్రతినిధిని నిర్ణయించుకునే హక్కు ఉంటుంది అని. మెజారిటీ అంటే వర్గం మొత్తంలోనా, ఓటు వేసినవాళ్ళలోనా? చట్టం చెప్పలేదు. 1937లో వర్జీనియన్ రైల్వే కేసులో సుప్రీంకోర్టు వేసినవాళ్ళలో మెజారిటీ ఉంటే చాలనే అర్థాన్ని సమర్థించింది. అక్కడ అర్హుల్లో సగానికి పైగా ఓటులో పాల్గొన్నారు కాబట్టి గొడవ లేకపోయింది. బోర్డు మాత్రం మొదటి అర్థాన్నే పట్టుకుని దాదాపు డెబ్బై అయిదేళ్ళు నడిచింది. అర్హుల్లో సగానికి మించి యూనియన్‌కు ఓటు వేస్తేనే ఎన్నిక నెగ్గినట్టు. ఓటు వేయనివాడు వద్దన్నట్టు.

ఆ పాత ఓటు పత్రంలో 'యూనియన్ వద్దు' అనే గడి కూడా ఉండేది కాదు. వద్దనుకుంటే ఇంట్లో కూర్చోవడమే. కాబట్టి 2008 నాటి 5,306లో యూనియన్ వాటా నూటికి నూరుకు దగ్గరగా ఉండడంలో వింత ఏమీ లేదు. వ్యతిరేకులు రాలేదు, వాళ్ళు రావలసిన పని లేదు. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది 'వేసినవాళ్ళలో మెజారిటీ చాలనే 2010 నాటి కొత్త నియమం అప్పుడే ఉంటే 2008లోనే గెలిచేవారు' అని రాస్తారు. గడి ఉంటే వ్యతిరేకులు కూడా వచ్చి వేసేవారు కదా.

ఈ పద్ధతిలో ఎదుటి పక్షం ప్రచారం ఎలా ఉంటుందో ఊహించండి. యూనియన్ ఎందుకు చెడ్డదో వాదించి గెలవాల్సిన అవసరం లేదు. ఓటు సూచనల కవరు చింపి పారేయండి, ఫోను తిప్పకండి, వెబ్‌సైటు నొక్కకండి అంటే చాలు. డెల్టాలో సరిగ్గా ఆ తీరు ప్రచారమే సాగింది. ప్రజాస్వామ్యంలో ఓటు వేయొద్దని చెప్పడమే ప్రచారం అయిన ఎన్నికలు తక్కువ. ఆ తప్పు ప్రచారకులదనేకంటే నియమానిదే అనాలి. నియమం ఏది గెలిపిస్తుందో జనం అదే చేస్తారు.

అందుకే పాత పద్ధతిలో అసలు పోరు ఓటింగుకు ముందే, జాబితా మీద జరిగేది. బోర్డు ఒక తేదీ పెడుతుంది: దరఖాస్తు అందిన రోజుకు ముందు ముగిసిన చివరి జీతాల గడువు ఏదో, ఆ గడువు ఆఖరి రోజు. ఆ రోజుకు ఉద్యోగంలో ఉన్నవాళ్ళే ఓటర్లు. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్ళు, లేఆఫ్ అయినా తిరిగి పిలిపించుకునే హక్కు ఉన్నవాళ్ళు లెక్కలో ఉంటారు. ఉద్యోగం మానేసినా పేరు తీయనివాళ్ళు, సూపర్‌వైజర్లుగా వెళ్ళిపోయినవాళ్ళు జాబితాలో మిగిలిపోతే ఒక్కో పేరూ ఒక్కో వ్యతిరేక ఓటు అవుతుంది. రెండు వందల పేర్లు తీయించగలిగితే వంద ఓట్లు సంపాదించినట్టే. యూనియన్ లాయర్లు ఉపన్యాసాలు మానేసి జాబితాలు దిద్దుకుంటూ కూర్చునేది అందుకే.

ఇప్పుడు విలీనం. 2008 ఏప్రిల్ 14న డెల్టా, నార్త్‌వెస్ట్ ఒకటవుతున్నట్టు ప్రకటించాయి. మే 28న పై లెక్కింపు జరిగింది. అక్టోబర్ 29న విలీనం చట్టపరంగా పూర్తయింది. డెల్టా ఇల్లు అట్లాంటా. అక్కడ పైలట్లకూ, నేల మీద నుంచి విమాన ప్రయాణాలు చూసుకునే డిస్పాచర్లకూ యూనియన్లున్నాయి, ఫ్లైట్ అటెండెంట్లకు లేదు. 2002లో ఒకసారి ప్రయత్నిస్తే ఓటింగ్ 29 శాతం దగ్గర ఆగిపోయింది. నార్త్‌వెస్ట్ బేస్‌లు మినియాపొలిస్, డెట్రాయిట్, మెంఫిస్ వైపు. అక్కడ దశాబ్దాలుగా యూనియన్ ఉంది. 2003 దాకా టీమ్‌స్టర్స్ అనే పెద్ద కార్మిక సంఘం, 2003 నుంచి సొంతంగా పెట్టుకున్న చిన్న యూనియన్, 2006 నుంచి అసోసియేషన్ ఆఫ్ ఫ్లైట్ అటెండెంట్స్. ఎ.ఎఫ్.ఎ. అంటారు. డెల్టాలో 2002లోనూ 2008లోనూ ఓడిపోయింది కూడా ఈ ఎ.ఎఫ్.ఎ.నే.

నార్త్‌వెస్ట్ వాళ్ళు ఈ విలీనంలోకి వచ్చేటప్పటికి ఒంట్లో రక్తం లేనట్టున్నారు. 2005 సెప్టెంబర్ 14న రెండు కంపెనీలూ ఒకే రోజు దివాలా రక్షణకు వెళ్ళాయి. నార్త్‌వెస్ట్ ఫ్లైట్ అటెండెంట్లు జీతాల కోతతో వచ్చిన ఒప్పందాన్ని 2006లో రెండుసార్లు ఓటు వేసి తిప్పికొట్టారు. దివాలా కోర్టు అనుమతితో కంపెనీ తన షరతులను రుద్దింది. సమ్మెకు దిగబోతే కోర్టు ఆపింది. చివరికి 2007 మేలో స్వల్ప తేడాతో ఒప్పందం ఆమోదం పొందింది. యూనియన్ ఉండి మీకేం ఒరిగింది అని డెల్టా వాళ్ళు అడిగితే జవాబు ఉంది గానీ, అది కరపత్రంలో ఇమిడే జవాబు కాదు.

రెండు వర్గాలు కలిసినప్పుడు యూనియన్ ఉన్న వర్గం హక్కు ఆ రోజే పోదు. ఒక పక్కన ఒప్పందం, ఇంకో పక్కన కంపెనీ నియమావళి, రెండూ సమాంతరంగా నడుస్తుంటాయి. ప్రాతినిధ్యం తేలాలంటే ఎవరో ఒకరు బోర్డుకు దరఖాస్తు పెట్టాలి: ఇవి ఇప్పుడు రెండు కంపెనీలు కావు, ఒకే రవాణా వ్యవస్థ అని తేల్చమని. ఇక్కడ పొరపడేవాళ్ళు చాలామంది. విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చే ఒకే ఆపరేటింగ్ సర్టిఫికెట్ వేరు, అది భద్రతకు సంబంధించినది. డెల్టాకు అది 2009 డిసెంబర్ 31న వచ్చింది. బోర్డు ఇచ్చే 'ఒకే వ్యవస్థ' నిర్ణయం వేరు. బోర్డు చూసేవి ఇవి: టైంటేబుల్ ఒకటేనా, టికెట్లు ఒకే పేరుతో అమ్ముతున్నారా, విమానాల మీద రంగులు, సిబ్బంది యూనిఫాం ఒకటయ్యాయా, డైరెక్టర్లు, పై అధికారులు ఒకరేనా, ఉద్యోగ వ్యవహారాలు ఒకే ఆఫీసు నుంచి నడుస్తున్నాయా. అన్నీ పూర్తిగా కలిసిపోవాలని లేదు. కలయిక వెనక్కి పోలేనంతగా ముందుకు సాగిందా అన్నదే చూస్తుంది.

ఒకే వ్యవస్థ అని తేలాక రెండు వర్గాల పరిమాణం చూస్తారు. ఒకటి ఏనుగు, ఒకటి ఎలుక అయితే పెద్ద వర్గం స్థితే చిన్న వర్గానికీ వర్తిస్తుంది, ఎన్నిక ఉండదు. పోల్చదగ్గ పరిమాణం ఉంటే ఎన్నిక. అప్పటి పద్ధతిలో యూనియన్ చూపించవలసింది ఉమ్మడి వర్గంలో 35 శాతం మద్దతు. ఎన్నిక కోరుతూ ఉద్యోగులు సంతకం చేసే కార్డులే కానక్కర్లేదు, ఇప్పటికే ప్రాతినిధ్యం ఉన్నట్టు సీనియారిటీ జాబితా, చందాల జాబితా కూడా చూపవచ్చు. నార్త్‌వెస్ట్ వాళ్ళు దాదాపు 7 వేలు, ఉమ్మడి వర్గం దాదాపు 20 వేలు. భాగించండి. గీత మీదే నిలబడ్డారు. కాబట్టి డెల్టా వైపు కార్డులు కూడా కావలసివచ్చాయి.

2009 జులైలో ఎ.ఎఫ్.ఎ. దరఖాస్తు పెట్టింది. నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. కారణం హారమే. బోర్డులో సభ్యులు ముగ్గురు. కొత్త ప్రభుత్వం వచ్చాక అందులో ఇద్దరు పాత నియమం మార్చడానికి సిద్ధంగా ఉన్నారు. పాత నియమం కింద ఎన్నిక జరిగితే 20 వేలలో 10 వేలకు పైగా ఓట్లు రాబట్టాలి. ఆగితే వేసినవాళ్ళలో సగం చాలు. ఆగారు. 2010 మేలో బోర్డు 2–1తో నియమం మార్చింది. ఓటు పత్రంలో 'యూనియన్ వద్దు' గడి వచ్చింది. పోలైన ఓట్లలో మెజారిటీ చాలన్నారు. విమాన సంస్థల సంఘం కోర్టుకెళ్ళింది. కింది కోర్టు ఆ వేసవిలోనే, అప్పీలు కోర్టు 2011 డిసెంబర్‌లో బోర్డు పక్షాన నిలిచాయి. 2010 జులై 1న కొత్త నియమం అమల్లోకి రావడం, ఎ.ఎఫ్.ఎ. మళ్ళీ దరఖాస్తు పెట్టడం ఒకేసారి జరిగాయి.

ఆ నిరీక్షణకు ఖరీదు ఉంది. విలీనం జరిగిన మొదటి ఏడాదిలో ఉద్యోగులకు భయం ఎక్కువ. బేస్ మూస్తారా, సీనియారిటీ ఏమవుతుంది, ఎవరి నియమాలు ఉంటాయి అని. రెండో ఏడాది దాటేసరికి కొత్త యూనిఫాం అలవాటైపోతుంది, కలిసి తింటారు, తిట్టుకుంటారు, సర్దుకుంటారు. భయం వేడిలో యూనియన్ వైపు చూసేవాడు చల్లారాక ఇలాగే బాగానే ఉందిగా అంటాడు. హారం తగ్గించుకోవడానికి ఆగినవాళ్ళు లవాన్ని కొంత పోగొట్టుకున్నారని నా అభిప్రాయం. రుజువు చేయలేను, ఆగకపోతే ఏమయ్యేదో ఎవరూ చూడలేదు కాబట్టి.

ఓటింగ్ సెప్టెంబర్ 29 నుంచి నవంబర్ 3 దాకా, అయిదు వారాలు. ప్రతి ఓటరుకూ ఇంటికి కవరు వస్తుంది, అందులో ఒక గుర్తింపు నంబరు, ఒక రహస్య నంబరు. ఫోనులోగానీ ఇంటర్నెట్‌లోగానీ వేయాలి. కవరు కంపెనీ రికార్డులో ఉన్న చిరునామాకే వెళ్తుంది. బేస్ మారి ఇల్లు మారినవాళ్ళు, రూమ్‌మేట్ల దగ్గర ఉండేవాళ్ళు పోగొట్టుకునేది ఇక్కడే. కవరు రాకపోతే డూప్లికేటు అడగవచ్చు, కానీ దానికి గడువు ఉంటుంది, అడగడానికి ఇంటి పట్టున ఉండాలి.

ఫలితం: వద్దు 9,544. కావాలి 9,216. తేడా 328. కావాలి అన్న 9,216లో ఇతర యూనియన్ల పేర్లు రాసిన ఓట్లు కూడా కలిసే ఉన్నాయి. ముందు ఏదో ఒక యూనియన్ కావాలా వద్దా అన్నది తేలుతుంది, ఏది అన్నది తర్వాత. ఓటింగ్ 94 శాతం. వేయనివాళ్ళు వెయ్యికి కాస్త పైన. 2002లో 29, 2008లో దాదాపు 40, ఇప్పుడు 94. నియమం మారగానే కవర్లు చింపడం ఆగింది, రెండు పక్షాలూ ఓటు వేయించే పనిలో పడ్డాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఇంత కొట్లాడి మార్పించిన నియమం ఈ ఫలితాన్ని మార్చలేదు. పాత నియమం కింద కూడా 9,216ను దాదాపు 19,900తో భాగిస్తే 46 శాతమే, ఓటమే. కొత్త నియమం చేసింది ఒక్కటే, దూరాన్ని తగ్గించింది. పాతదైతే దాదాపు ఏడు వందల ముప్ఫై ఓట్లు తక్కువ. కొత్తదైతే 165 మంది అటు నుంచి ఇటు తిరిగితే చాలు. ఒక పెద్ద బేస్‌లో ఒక రోజు డ్యూటీకి వచ్చేవాళ్ళు అంతకంటే ఎక్కువ ఉంటారు. కంపెనీ జోక్యం చేసుకుందని ఎ.ఎఫ్.ఎ. ఫిర్యాదు చేసింది. ఫలితం మాత్రం మారలేదు. నార్త్‌వెస్ట్ వాళ్ళకు ఉన్న యూనియన్ పోయింది, ఒప్పందం పోయింది, క్రమశిక్షణ చర్యను బయటి మధ్యవర్తి ముందు సవాలు చేసే దారి కూడా పోయింది.

సీనియారిటీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే విలీనంలో క్యాబిన్ సిబ్బంది నిద్ర పట్టకుండా ఆలోచించేది జీతం గురించికంటే దాని గురించే. ఫ్లైట్ అటెండెంట్‌కు సీనియారిటీ నంబరంటే జీవితమే. వచ్చే నెల ఏ ట్రిప్పులు, పండగకు ఇంట్లో ఉంటామా, వేసవి సెలవు దొరుకుతుందా, స్టాండ్‌బైలో ఫోను పక్కన కూర్చోవాలా, లేఆఫ్ వస్తే ముందు ఎవరు, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది.

దీనికి చేదు ఉదాహరణ 2001. అమెరికన్ ఎయిర్‌లైన్స్ టి.డబ్ల్యు.ఎ. అనే మరో విమాన సంస్థను కొన్నది. టి.డబ్ల్యు.ఎ. ఫ్లైట్ అటెండెంట్లను అమెరికన్ జాబితాలో అట్టడుగున చేర్చారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉన్నావిడ నిన్న చేరిన అమ్మాయి కింద. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత లేఆఫ్‌లు కింది నుంచి మొదలయ్యాయి. 2003 నాటికి ఆ దాదాపు 4 వేల మందీ బయట ఉన్నారు. వాళ్ళ ఊరు సెయింట్ లూయిస్. ఆ రాష్ట్రం మిస్సోరీ. అక్కడి సెనేటర్లు ఇద్దరు, చెరో పార్టీ, మెకాస్కిల్, బాండ్, కలిసి 2007 డిసెంబర్‌లో చట్టం తెచ్చారు. విలీనమైతే సీనియారిటీని 'న్యాయంగా, సమంగా' కలపాలి, కుదరకపోతే మధ్యవర్తికి వెళ్ళాలి అని. 1972 నాటి అలెఘెనీ–మొహాక్ విలీనంలో వాడిన షరతులనే ఇందులో పెట్టారు. యూనియన్ ఉన్నా లేకపోయినా ఇది వర్తిస్తుంది. రెండు వైపులా ఒకే యూనియన్ ఉంటే మాత్రం ఆ యూనియన్ సొంత నియమం చెల్లుతుంది. ఎ.ఎఫ్.ఎ. నియమం చేరిన తేదీ.

చేరిన తేదీ అంటే తేలిక అనుకోకండి. ఒక కంపెనీ శిక్షణ మొదలైన రోజును తేదీగా పెడుతుంది, ఇంకోటి శిక్షణ ముగిసి రెక్కల బ్యాడ్జి ఇచ్చిన రోజును. మధ్యలో కొన్ని వారాల తేడా. జోరుగా నియామకాలు జరిగిన ఏడాదిలో ఆ కొన్ని వారాల్లో వందల మంది చేరి ఉంటారు. రెండు జాబితాలు కలిపేటప్పుడు ఈ తేడా సరిచేయకపోతే ఒక కంపెనీ బ్యాచ్‌లన్నీ ఇంకో కంపెనీ బ్యాచ్‌ల మీదికి ఎక్కి కూర్చుంటాయి. ఒకే రోజు చేరినవాళ్ళ మధ్య వరస పుట్టిన తేదీని బట్టా, మరో నంబరును బట్టా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

రెండు వైపులా యూనియన్లు ఉన్నచోట్ల తలనొప్పి వేరు. 2010లో యునైటెడ్, కాంటినెంటల్ కలిశాయి. యునైటెడ్‌లో ఎ.ఎఫ్.ఎ., కాంటినెంటల్‌లో మెషినిస్టుల యూనియన్. 2011 జూన్‌లో ఎ.ఎఫ్.ఎ. గెలిచింది. ఉమ్మడి ఒప్పందం 2016లో, రెండు వైపుల సిబ్బంది ఒకే విమానంలో కలిసి పనిచేయడం 2018 అక్టోబర్‌లో. ఎనిమిదేళ్ళు! యు.ఎస్. ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ 2005లో కలిస్తే రెండు వైపులా ఎ.ఎఫ్.ఎ.నే ఉన్నా ఉమ్మడి ఒప్పందం 2013లో గానీ కుదరలేదు. అదే యు.ఎస్. ఎయిర్‌వేస్ తర్వాత అమెరికన్‌లో కలిసినప్పుడు 2014 నవంబర్‌లో ఒప్పందం 16 ఓట్ల తేడాతో వీగిపోయింది. 8,196 వద్దు, 8,180 కావాలి. వీగితే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాలని, అక్కడ ఇవ్వగల జీతభత్యాల మొత్తానికి ఒక హద్దు ఉంటుందని ముందే రాసుకున్నారు. మధ్యవర్తి ఇచ్చింది వద్దన్నదానికంటే తక్కువ. ఓటు వేసే ముందు ఓడితే ఏమవుతుందన్న పేరా చదవని ఖరీదు అది.

మళ్ళీ డెల్టా. 2012లో కాంగ్రెస్ ఇంకో గీత గీసింది. ఎన్నిక అడగడానికి ముందే వర్గంలో 50 శాతం మంది సంతకాలు చూపాలి. అంటే హారం ఓటు నుంచి దరఖాస్తు దగ్గరికి జరిగింది. ఎ.ఎఫ్.ఎ. 2019 నవంబర్‌లో డెల్టాలో మళ్ళీ కార్డులు మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ దాదాపు 28 వేల మంది. సగం 14 వేలు. కార్డు మీద సంతకమూ తేదీ సంతకం చేసినవాళ్ళే వేయాలి. తేదీ నుంచి ఏడాది దాటితే కార్డు చెల్లదు. కంపెనీ తన దగ్గరున్న సంతకాల నమూనాలు బోర్డుకు ఇస్తుంది, బోర్డు సరిపోల్చుకుంటుంది. తేదీ లేనివి, వేరొకరు తేదీ వేసినవి, సంతకం కలవనివి పోతాయి.

పన్నెండు నెలల్లో 14 వేలంటే నెలకు దాదాపు 1,170. పదమూడో నెల రాగానే మొదటి నెలవి రాలిపోతాయి. కాబట్టి ఆ నెలలో కొత్తవి తెస్తూనే పాతవాళ్ళ చేత మళ్ళీ సంతకం చేయించాలి. ఓటి కుండలో నీళ్ళు పోసినట్టే. ఈలోగా కంపెనీ ప్రతి నెలా బ్యాచ్‌లు చేర్చుకుంటుంటే హారం పెరుగుతుంది, ప్రొబేషన్‌లో ఉన్న కొత్తవాళ్ళు సంతకానికి జంకుతారు. అందుకే 50 శాతం తాకగానే దరఖాస్తు పెట్టడం తెలివి తక్కువ. చెల్లనివి పోగా మిగలాలి, పైగా సంతకం పెట్టిన ప్రతివాళ్ళూ ఓటు వేయరు. అరవై దాటాకే కదలడం మంచిది.

ఈ మధ్యలో కంపెనీ కూడా ఊరుకోదు. అమెరికాలో అప్పటిదాకా ఫ్లైట్ అటెండెంట్లకు జీతం తలుపు మూశాకే మొదలయ్యేది. ప్రయాణికులు ఎక్కే సమయానికి గంట జీతం ఉండేది కాదు. 2022 జూన్‌లో డెల్టా ఆ సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది, అక్కడి పెద్ద సంస్థల్లో మొదటిది అదే. యూనియన్ ఒత్తిడి వల్లే అని ఎ.ఎఫ్.ఎ. అంటుంది, మీరు లేకుండానే ఇచ్చాం కదా అని కంపెనీ వాదన. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

మన దేశం మాటకొస్తే, మన పాత ట్రేడ్ యూనియన్ల చట్టం కూడా 1926దే. యూనియన్‌ను రిజిస్టర్ చేసుకోవచ్చని చెప్పింది, యాజమాన్యం దాన్ని గుర్తించి మాట్లాడాలని చెప్పలేదు. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాక జీతాలు, హోదాలు, సీనియారిటీ తేల్చడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయాల్సివచ్చింది. దాని నివేదిక వచ్చేసరికి 2012. 2024 మేలో, ఎ.ఐ.ఎక్స్. కనెక్ట్ (పాత ఎయిర్‌ఏషియా ఇండియా)తో విలీనం నడుస్తుండగా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది పెద్ద సంఖ్యలో ఒకేసారి అనారోగ్య సెలవు పెట్టారు. 25 మందిని తీసేశారు. విమాన సర్వీసులు కేంద్రం పరిధిలోవి కాబట్టి శంషాబాద్‌లో పనిచేసే సిబ్బందికైనా సరే తగువు తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ దగ్గర తేలదు. మే 9న ఢిల్లీలో కేంద్ర చీఫ్ లేబర్ కమిషనర్ సమక్షంలో రాజీ కుదిరింది, తీసేసినవాళ్ళను తిరిగి తీసుకున్నారు.

2025 నవంబర్ 21 నుంచి ఆ 1926 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. ఒకటికి మించి యూనియన్లుంటే మస్టర్ రోల్ (కంపెనీ హాజరు పట్టిక)లోని కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్నదే చర్చలు జరిపే యూనియన్. ఎవరికీ లేకపోతే 20 శాతం చొప్పున మద్దతు ఉన్న యూనియన్లతో మండలి. మళ్ళీ చదవండి: మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో. వేసినవాళ్ళలో అని లేదు. అమెరికా 2010లో వదిలించుకున్న హారం ఇది. రెండు కంపెనీల రోల్స్ కలిసిన రోజున పాత కంపెనీలో 70 శాతం ఉన్న యూనియన్ కూడా ఉమ్మడి రోల్‌లో 30కి పడిపోవచ్చు. సగం మంది లేదా అంతకు మించి సిబ్బంది ఒకే రోజు కలిసి క్యాజువల్ లీవు పెడితే దాన్ని ఈ కోడ్ సమ్మెగానే లెక్కిస్తుంది, 14 రోజుల ముందు నోటీసు లేకపోతే చట్టవిరుద్ధం. సిక్ లీవు సంగతి అందులో పేరుపెట్టి రాయలేదు, దాని మీద వాదనలు ఇకముందు వస్తాయి.

రెండు ప్రశ్నలు చీటీల మీద వచ్చాయి.

అమెరికాలో కార్డు మీద సంతకం చేస్తే కంపెనీకి తెలుస్తుందా అని ఒకరు అడిగారు. తెలియదు. కార్డులు బోర్డుకే వెళ్తాయి, కంపెనీకి చూపరు. కంపెనీ నమూనాలు ఇస్తుంది, సరిపోల్చడం బోర్డు పని. ఎవరు ఎటు ఓటు వేశారో యూనియన్‌కూ తెలియదు.

విలీనం ప్రకటించిన రోజున ఉద్యోగి సొంతంగా చేసుకోవలసిన పని ఏమిటని రెండో చీటీ. నియామక ఉత్తర్వు, శిక్షణ మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉన్న కాగితాలు, ఏ బేస్‌లో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, జీతం లేని సెలవులు ఎన్ని రోజులు, ఇవన్నీ కంపెనీ వెబ్‌సైటులో ఉన్నాయి కదా అనుకోకుండా కాపీలు తీసుకోండి. విలీనమయ్యాక పాత వెబ్‌సైటు మూతపడుతుంది. ప్రకటనకు ముందు వెలువడిన చివరి సీనియారిటీ జాబితా కాపీ తప్పనిసరి. ఇంటి చిరునామా సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఉమ్మడి జాబితా ముసాయిదా వచ్చినప్పుడు మీ నంబరుతో ఆగకుండా పైన పదిమందిని, కింద పదిమందిని కూడా చూడండి. మీ తేదీ సరిగ్గానే ఉండి, పై బ్యాచ్ తేదీ తప్పుపడినా మీ నంబరు జారిపోతుంది. అభ్యంతరానికి ఇచ్చే గడువు సాధారణంగా కొద్ది వారాలే, రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి.